ఖాళీ సీటుకి కూడా డబ్బు కట్టాక

టెక్సస్‌లో తొమ్మిదో క్లాసు పిల్లాడి బ్యాగులో వేప్ దొరికిందని స్కూలు నుంచి ఫోన్ రాగానే తల్లిదండ్రులు ముందు వెతికేది స్టూడెంట్ కోడ్ ఆఫ్ కాండక్ట్. ఫ్రిస్కో అయినా, ఇర్వింగ్ అయినా, కేటీ అయినా మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదీ ఆ పీడీఎఫ్ఫే. ఏ తప్పుకి ఏ శిక్షో అందులో ఉంటుంది. కానీ పిల్లాడు నిజంగా ఎన్నాళ్ళు బయట ఉంటాడు, అక్కడ పాఠం ఎవరు చెప్తారు, తిరిగొచ్చేసరికి చదువు ఎంత మిగులుతుంది అనేవి చాలాచోట్ల వేరే కాగితంలో తేలిపోయి ఉంటాయి. ఆ స్కూల్ డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతం బడులు నడిపే సంస్థ, తన ప్రత్యామ్నాయ బడి కోసం పక్క డిస్ట్రిక్టుతోనో, ఏదో కంపెనీతోనో రాసుకున్న కాంట్రాక్టు అది. బోర్డు మీటింగులో కన్సెంట్ అజెండా కింద, క్యాఫెటేరియా పాల సప్లైతో కలిపి, చర్చ లేకుండా ఒక్క ఓటుతో దాటిపోతుంది.

నా వాదన ఏమిటంటే, ఆ కాంట్రాక్టులో శీల నిర్మాణం, సమగ్ర వికాసం అంటూ సాగే మొదటి నాలుగు పేజీలు చదవకపోయినా ఫరవాలేదు. డబ్బు దేనికి లెక్కగట్టి ఇస్తారు, ‘రోజు’ అంటే ఏమిటి, ‘స్టాఫ్’ అంటే ఎవరు అన్న మూడు నిర్వచనాలు చూస్తే చాలు. పిల్లాడి సంగతి అక్కడే ఉంది.

మన ఊళ్ళో అల్లరి శృతిమించితే హెడ్మాస్టరు టీసీ చేతిలో పెట్టేవాడు. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిదో తరగతి అయ్యేదాకా అలా పంపెయ్యకూడదు. టెక్సస్ 1995లో వేరే దారి పట్టింది. ఎడ్యుకేషన్ కోడ్ 37వ చాప్టర్ ప్రకారం ప్రతి డిస్ట్రిక్టూ ఒక డీఏఈపీ, అంటే క్రమశిక్షణ కింద పంపే ప్రత్యామ్నాయ బడి, ఏర్పాటు చెయ్యాలి. పిల్లాడి పేరు డిస్ట్రిక్టులోనే ఉంటుంది, కూర్చునే చోటు మారుతుంది. మిగతా పిల్లల నుంచి వేరుగా ఉంచాలి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, చరిత్ర, స్వీయ క్రమశిక్షణ నేర్పాలి, కౌన్సెలింగ్ ఇవ్వాలి. 2023లో హౌస్ బిల్ 114 వేప్‌ని కూడా తప్పనిసరి డీఏఈపీ జాబితాలోకి తోసింది. సీట్లు చాలక డిస్ట్రిక్టులు లబోదిబోమన్నాయి. 2025లో హౌస్ బిల్ 6 మొదటిసారి దొరికినవాళ్ళ విషయంలో పట్టు సడలించింది. మధ్యలో రెండేళ్ళు సీట్ల కోసం పరుగు పెట్టినప్పుడు రాసుకున్న ఒప్పందం మీ డిస్ట్రిక్టులో ఇంకా నడుస్తోందేమో, అదొకసారి చూడాలి.

పెద్ద డిస్ట్రిక్టులు సొంత బిల్డింగులో సొంత టీచర్లతో నడుపుకుంటాయి. చిన్నవి నాలుగైదు కలిసి కో-ఆప్, అంటే ఉమ్మడి బడి, పెట్టుకుంటాయి. ఒకటి డబ్బు లెక్కలు చూసే ఫిస్కల్ ఏజెంటుగా ఉండి టీచర్లని పెట్టుకుంటుంది, మిగతావి వాటా కడతాయి. గవర్నమెంట్ కోడ్ 791వ చాప్టర్ కింద రాసే ఇంటర్‌లోకల్ ఒప్పందం ఇదే. రెండు వైపులా బోర్డులు ఆమోదించాలి, ఎవరి బాధ్యత ఏమిటో రాసుకోవాలి, చెల్లింపు ఆ ఏడాది ఆదాయంలోంచే జరగాలి. మూడో పద్ధతి ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పడం.

ఇప్పుడొక లెక్క. అంకెలు నేను ఊహించినవి, తీరు మాత్రం కో-ఆప్‌లలో మామూలుగా ఉండేదే. ఒక చిన్న డిస్ట్రిక్టు నాలుగు సీట్లు రిజర్వు చేసుకుంది. సీటుకి ఏడాదికి 12,000 డాలర్లు. పిల్లాడు ఉన్నా లేకపోయినా కట్టాల్సిందే. అంటే ఏడాది మొదట్లోనే 48,000 పోయాయి. ఐదో పిల్లాడు వెళ్తే మాత్రం రోజుకి 90 డాలర్లు అదనం.

అక్టోబరులో ఒక్క సీటే నిండింది, మూడు ఖాళీ. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ ముందుకి ఒక కేసొచ్చింది. డీఏఈపీకి పంపొచ్చు, పంపకపోయినా తప్పులేదు, చట్టం ఆయన విచక్షణకి వదిలేసిన రకం. స్కూల్లోనే విడిగా కూర్చోబెట్టాలంటే ఆ గదికో మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. డీఏఈపీకి పంపితే కొత్తగా పైసా ఖర్చులేదు. 45 రోజులు వెయ్యాలా, 30 రోజులు వెయ్యాలా? తగ్గిస్తే మిగిలేది సున్నా. అదే మార్చిలో నాలుగు సీట్లూ నిండి ఉన్నప్పుడు అచ్చం అలాంటి కేసే వస్తే, 45 రోజులకి 4,050 డాలర్లు కొత్తగా కట్టాలి. అప్పుడు స్కూల్లోనే విడిగా కూర్చోబెట్టడం చాలన్న జ్ఞానోదయం కలుగుతుంది. తప్పు అదే, కోడ్ ఆఫ్ కాండక్ట్ అదే. మారింది సీట్ల లెక్క.

ఇందులో ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు. ఎవరూ మీటింగు పెట్టుకుని సీట్లు నింపుదామని తీర్మానం చెయ్యరు. ముందే డబ్బు కట్టిన బఫేలో ఇంకో ప్లేటు పెట్టుకోవడానికి మనం మీటింగు పెడతామా?

సరే, రోజుకింతని కడితే పోలేదా? ఆ 12,000ని 180 రోజులకి పంచితే రోజుకి 66 డాలర్ల 67 సెంట్లు. 45 రోజుల పిల్లాడికి 3,000, వాణ్ణి 30 రోజులకే పంపేస్తే 2,000. డిస్ట్రిక్టుకి ఇప్పుడు తొందరగా వెనక్కి పిలిపించుకోవాలన్న ఆలోచన వస్తుంది, మంచిదే. అయితే ఇలాంటి కాంట్రాక్టుల్లో తరచు ఇంకో వాక్యం ఉంటుంది: ప్రొవైడరు సిఫారసు మీద ముందస్తు విడుదల. ఆ సిఫారసు చేసిన ప్రతిసారీ కంపెనీ తన చేత్తో తనే 1,000 డాలర్లు వదులుకోవాలి. ఎంత మంచి కౌన్సెలరున్నా ఆ కంపెనీ నుంచి ముందస్తు విడుదలలు విరివిగా వస్తాయని నేను నమ్మను.

కో-ఆప్ నడిపేవాళ్ళ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. టీచరుని దినకూలీకి పెట్టుకోలేం, అక్టోబరులో ముగ్గురే ఉన్నారని జీతం ఆపలేం, ఎవరో ఒకరు స్థిర ఖర్చు మొయ్యాలి కదా అంటారు. నిజమే. అందుకే రెండు ఖర్చుల్నీ విడదీసి రాయమంటాను. టీచర్లు, బిల్డింగు, కౌన్సెలరు స్థిర ఖర్చు. దాన్ని సభ్య డిస్ట్రిక్టులన్నీ తమ మొత్తం ఎన్‌రోల్‌మెంటు నిష్పత్తిలో పంచుకోవాలి. ఎవరికీ పేరు రాసిపెట్టిన సీట్లు ఉండకూడదు. భోజనం, సాఫ్ట్‌వేర్ లైసెన్సు లాంటి చిల్లర ఖర్చులే రోజుల మీద లెక్కగట్టాలి. ముందస్తు విడుదల అధికారం పిల్లాడి సొంత స్కూలు చేతిలో ఉండాలి, అదీ రాతపూర్వకమైన కొలమానంతో: ఇన్ని రోజుల హాజరు, ఇన్ని అసైన్‌మెంట్లు, ఇన్ని కౌన్సెలింగ్ గంటలు. అప్పుడు పిల్లాణ్ణి ఉంచినా పంపినా ఎవరికీ చెప్పుకోదగ్గ లాభం ఉండదు. నాకు కావలసింది ఆ ఉదాసీనతే.

ఇక ‘రోజు’. 45 రోజులని స్కూలు ఇంటికి పంపే ఉత్తరంలో ఉంటుంది. కొన్ని డీఏఈపీల హ్యాండ్‌బుక్కుల్లో మాత్రం ‘సక్సెస్‌ఫుల్ డే’ అని ఉంటుంది. అంటే హాజరవడం ఒక్కటే చాలదు. యూనిఫాం చొక్కా బయటికి వచ్చిందా, ఫోను లోపలికి తెచ్చాడా, బెల్టు పెట్టుకోలేదా, పాయింట్ల షీటులో ఆ రోజుకి కావలసినన్ని పాయింట్లు పడలేదా, ఆ రోజు లెక్కలోకి రాదు. జ్వరం వచ్చి డాక్టరు కాగితం పెట్టినా రాదు. బస్సు ఉండదని చాలా డిస్ట్రిక్టులు ముందే చెప్పేస్తాయి. అమ్మానాన్నలిద్దరూ ఏడింటికే ఆఫీసుకి బయల్దేరే ఇంట్లో పిల్లాడు ఆలస్యమైతే అదీ పోయినట్టే. ఇలా 45 కాస్తా 58 అవుతుంది, 63 అవుతుంది.

ఇక్కడ చట్టంతో ఒక మెలిక ఉంది. డీఏఈపీ 60 రోజులు దాటినా, తర్వాతి గ్రేడింగ్ పీరియడ్ చివర దాటినా, రెండింట్లో ఏది ముందైతే దానికి మించి సాగుతుందంటే, బోర్డు ముందో బోర్డు నియమించిన మనిషి ముందో జరిగే విచారణలో పాల్గొనే హక్కు తల్లిదండ్రులకి వస్తుంది. 45 అని రాసిన ఉత్తరం ఆ గీతకి ఇవతలే ఉన్నట్టు కనిపిస్తుంది. లెక్కకి రాని రోజులు దాన్ని గీత దాటిస్తాయి, కానీ ఏ కొత్త ఉత్తరమూ రాదు. కాంట్రాక్టులో ఒక వాక్యం చాలు: ‘రోజు అంటే విద్యార్థి హాజరైన లేక కారణం చూపి గైర్హాజరైన బోధనా దినం, ప్రవర్తన కారణంగా ఏ రోజునూ లెక్కలోంచి తీసివేయరాదు, పొడిగింపు అవసరమైతే సొంత స్కూలు కొత్త ఉత్తర్వు ఇవ్వాలి.’ రోజుకింతని డబ్బు తీసుకునే కంపెనీ చేతిలో ‘ఈ రోజు లెక్కకి రాదు’ అనే అధికారం పెట్టడం ఆటో డ్రైవరు చేతికే మీటరు తాళం ఇవ్వడం లాంటిది.

మూడోది ‘స్టాఫ్’. రాష్ట్ర విద్యా కమిషనర్ నిబంధన, 19 టీఏసీ 103.1201, పదిహేనుమంది పిల్లలకి ఒక సర్టిఫైడ్ టీచరు ఉండాలంటుంది. కాంట్రాక్టులో అది ‘సిబ్బంది, విద్యార్థుల నిష్పత్తి 1:15’ అని కూర్చుంటుంది. ‘సర్టిఫైడ్ టీచరు’ జారిపోయి ‘సిబ్బంది’ వచ్చి చేరిందని చూపు పరుగుపెడితే కనపడదు. తలుపు దగ్గర నిలబడే మనిషీ సిబ్బందే, ఎయిడ్ కూడా సిబ్బందే. ముప్ఫైమందికి ఒక టీచరు, ఒక ఎయిడ్ ఉంటే కాంట్రాక్టు ప్రకారం సరిపోయింది, నిబంధన ప్రకారం సగమే ఉంది. గదిలో జరిగేది ఏమిటంటే, పిల్లలందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎడ్జెన్యుయిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వీడియోలు చూస్తూ క్విజ్‌లు నొక్కుతుంటారు. ఆ ఒక్క టీచరు సర్టిఫికెట్ ఇంగ్లీషులో. ఆల్జీబ్రా 2లో ఆగిపోయిన పిల్లాడు చెయ్యెత్తితే ‘వీడియో మళ్ళీ చూడు’ అన్న జవాబే దొరుకుతుంది. అందుకని నిష్పత్తితో పాటు సబ్జెక్టు కూడా రాయాలి: లెక్కలకి సర్టిఫికెట్ ఉన్న టీచరు వారానికి ఇన్ని గంటలు గదిలో ఉంటారని. టీచరు సెలవులో ఉంటే సబ్‌స్టిట్యూట్ ఎవరు పంపాలి, పంపకపోతే బిల్లులో ఎంత కోత అన్నదీ రాయాలి. కోత లేని నిబంధన పండగ గ్రీటింగు కార్డుతో సమానం.

మన ఇళ్ళల్లో అసలు దడ పుట్టించేది ఏపీ, అంటే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కోర్సులు. డీఏఈపీలో ఏపీ క్యాలిక్యులస్ చెప్పి తీరాలని చట్టంలో లేదు. చట్టం ఇచ్చేది ఏమిటంటే, వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా కోర్సు పూర్తి చేసుకునే అవకాశం. సమ్మర్ స్కూలో, ఆన్‌లైన్ కోర్సో, మరోటో, దానికి ఫీజు తీసుకోకూడదు. కానీ ఈలోగా ఏపీ స్థానంలో సాఫ్ట్‌వేర్‌లోని మామూలు ప్రీక్యాలిక్యులస్‌లో కూర్చోబెడితే జీపీఏకి ఉండే అదనపు వెయిటు పోతుంది. క్లాసులో పై ర్యాంకుల వాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటిచ్చే 1997 నాటి టాప్ టెన్ పర్సెంట్ చట్టం ఉన్న రాష్ట్రంలో, యూటీ ఆస్టిన్ 2026 ఫాల్ అడ్మిషన్లకి దాన్ని టాప్ 5 శాతానికి బిగించిన రోజుల్లో, ర్యాంకులో ఆ తేడా చిన్నది కాదు.

దీనికి మందు కాంట్రాక్టులో ‘సొంత స్కూలు కోర్సు కొనసాగింపు’ అనే క్లాజు. అది ఉన్నచోట కూడా చెడేది చిన్న చిన్న చోట్లే. సొంత స్కూలు టీచరు క్యాన్వస్ అనే ఆన్‌లైన్ క్లాసు సైటులో అసైన్‌మెంటు పెడతారు, డీఏఈపీ నెట్‌వర్కు క్యాన్వస్‌ని తెరవనివ్వదు, ఎందుకంటే అది వేరే డిస్ట్రిక్టు నెట్‌వర్కు. లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళనివ్వరు. పూర్తిచేసిన కాగితాలు ఒక పసుపు కవరులో వారానికోసారి వెళ్తాయి, ఈలోపు గ్రేడ్‌బుక్కులో సున్నాలు పడిపోతాయి. పిల్లాడు రాశాడు, కవరు చేరలేదు. అందుకే క్లాజులో ఇవన్నీ విడివిడిగా రాయించాలి: చేరిన రెండు రోజుల్లో అన్ని కోర్సుల పని అందాలి, లాగిన్ పనిచేస్తోందని మొదటిరోజే ఒకరు సంతకం పెట్టాలి, గ్రేడు ఎవరు ఎక్కించాలో పేరుతో కాకపోయినా హోదాతో ఉండాలి, రవాణాలో ఉన్న పనికి సున్నా వెయ్యకూడదు.

స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల విషయంలో ఫెడరల్ చట్టం గట్టిగా ఉంది. వరసగా పది స్కూలు రోజులు దాటి చోటు మారుస్తుంటే, ఆ నిర్ణయమైన పది స్కూలు రోజుల్లోగా ఆ ప్రవర్తన వైకల్యం వల్ల వచ్చిందా కాదా అని ఏఆర్‌డీ కమిటీ, అంటే ఆ పిల్లాడి స్పెషల్ ఎడ్యుకేషన్ నిర్ణయాలు చేసే కమిటీ, తేల్చాలి. ఆయుధం, డ్రగ్స్, తీవ్ర గాయం లాంటి వాటిలో మాత్రం ఆ తేల్చడంతో సంబంధం లేకుండా 45 స్కూలు రోజుల దాకా వేరేచోట ఉంచొచ్చు. ఐఈపీలో, అంటే ఆ పిల్లాడి వ్యక్తిగత విద్యా ప్రణాళికలో, రాసిన సేవలు డీఏఈపీలోనూ అందాలి. ఇక్కడ కాంట్రాక్టులు చేసే పొరపాటు మౌనం. స్పీచ్ థెరపిస్టుని ఎవరు పంపాలి, కో-ఆపా సొంత డిస్ట్రిక్టా అన్నది రాయరు. ఇద్దరూ రెండోవారు పంపుతారనుకుంటారు, ఆరు వారాలు గడిచిపోతాయి. బకాయి సేవలు తర్వాత డిస్ట్రిక్టే చెల్లించుకోవాలి. బయటివాళ్ళకి అప్పజెప్పినంత మాత్రాన బాధ్యత బదిలీ కాదు. అట్లాంటాలో ఇలాంటి బడిని కమ్యూనిటీ ఎడ్యుకేషన్ పార్ట్‌నర్స్ అనే కంపెనీ నడిపేది. 2008లో పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ కోర్టుకెళ్ళినప్పుడు కంపెనీతో పాటు డిస్ట్రిక్టునీ ప్రతివాదిని చేసింది. మరుసటి ఏడాదికి ఆ ఒప్పందం ముగిసింది.

ఒంటరిగా బంధించడం, సిబ్బంది తనిఖీ, రికార్డుల గురించి క్లుప్తంగా. గదిలో ఒంటరిగా బంధించడం నిషేధమన్న 37.0021 సెక్షను స్వతంత్ర కాంట్రాక్టర్లకీ వర్తిస్తుందని పేరుపెట్టి చెప్తుంది. పిల్లలతో నేరుగా పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగులకి వేలిముద్రల తనిఖీ ఉండాలి. రికార్డులు కంపెనీ చూడాలంటే వాటి వాడకం మీద డిస్ట్రిక్టుకి ప్రత్యక్ష నియంత్రణ ఉండాలని విద్యార్థి రికార్డుల గోప్యతకి సంబంధించిన ఫెడరల్ చట్టం ఫెర్పా అంటుంది. ఒప్పందం ముగిశాక కెమెరా ఫుటేజీ, ప్రవర్తన నోట్లు ఎవరి దగ్గర ఉంటాయో, ఎన్ని రోజుల్లో చెరిపేస్తారో కాంట్రాక్టులో అడిగి రాయించాల్సిందే.

తిరిగొచ్చే రోజు గురించి 2019లో వచ్చిన 37.023 సెక్షను బాగానే రాసింది. విడుదల తేదీ ఖరారవగానే తల్లిదండ్రులకీ సొంత స్కూలుకీ చెప్పాలి, చదువు ఎంత ముందుకెళ్ళిందో చూపే కాగితాలు పంపాలి, విడుదలైన ఐదు బోధనా దినాల్లోగా సొంత స్కూలు అతని మార్పు ఏర్పాట్లు చూడాలి. కానీ ఏ పనికైనా బిల్లులో ఒక గడి లేకపోతే కాంట్రాక్టరు దాన్ని ఆఖర్న చేస్తాడు. ఏడాది ఫీజులో పదో వంతు ఆపిపెట్టి, ప్రతి పిల్లాడి విడుదల కాగితాలూ సకాలంలో చేరినకొద్దీ విడుదల చేసే పద్ధతి పెడితే ఆ కాగితాలు ఎంత చురుగ్గా వస్తాయో చూడండి. ఇళ్ళు కట్టించుకున్నవాళ్ళకి ఈ కిటుకు నేను చెప్పక్కర్లేదు, ఆఖరి వాయిదా మేస్త్రీకి ఎప్పుడిస్తామో మనకి తెలుసు.

ఒక్క అపోహ తీర్చి ముందుకెళ్తాను. డీఏఈపీ స్కూలు చర్య, క్రిమినల్ శిక్ష కాదు. బెదిరింపు మెసేజి లాంటి వాటిలో పోలీసు కేసు విడిగా నడిస్తే అది వేరే దారి, దానికి లాయరు కావాలి. కాలేజీ అప్లికేషన్‌లో క్రమశిక్షణ ప్రశ్నని చాలా కాలేజీలకి ఉమ్మడి అప్లికేషన్ అయిన కామన్ యాప్ 2021లో తీసేసింది, అయితే కొన్ని కాలేజీలు విడిగా అడుగుతాయి.

ఈ కాంట్రాక్టు చూడటానికి బోర్డు మెంబరు పరిచయం అక్కర్లేదు. టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద ఎవరైనా అడగొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. డిస్ట్రిక్టు వెబ్‌సైటులో దీనికి ప్రత్యేక ఈమెయిలు చిరునామా ఉంటుంది. ‘డీఏఈపీ కాంట్రాక్టు’ అని మాత్రమే రాస్తే ఫీజు షెడ్యూలు లేని పది పేజీలు పంపుతారు. ఇలా రాయండి: ప్రస్తుత విద్యా సంవత్సరానికి డీఏఈపీ సేవల ఒప్పందం, అన్ని ఎగ్జిబిట్లు (అనుబంధాలు), సవరణలు, ఫీజు షెడ్యూలు, గత పన్నెండు నెలల ఇన్‌వాయిస్‌లు. పిల్లల పేర్లు కొట్టేసి పంపమని మీరే రాస్తే ఫెర్పా సాకు ఉండదు. ఇవ్వకూడదనుకుంటే డిస్ట్రిక్టు పది పనిదినాల్లోగా అటార్నీ జనరల్ అభిప్రాయం కోరాలి. ధర వ్యాపార రహస్యమని కంపెనీ అభ్యంతరం చెప్పొచ్చు. 2019లో చేసి 2020 జనవరి 1 నుంచి అమలైన సెనేట్ బిల్ 943 ప్రకారం ప్రభుత్వ కాంట్రాక్టులో చెల్లించే ధర బహిరంగ సమాచారమే.

వచ్చాక ముందు ఇన్‌వాయిస్‌లు తెరవండి. ప్రతి నెలా ఒకే అంకె కనపడితే అది సీట్ల ఒప్పందం. నెలనెలా మారుతుంటే రోజుల ఒప్పందం, అప్పుడు హ్యాండ్‌బుక్కులో ‘సక్సెస్‌ఫుల్ డే’ ఉందేమో వెతకాలి. మే నెల బిల్లులో హఠాత్తుగా ఒక పెద్ద అంకె ఉంటే అది కనీసం ఇంత కడతామని ఇచ్చిన హామీకి తగ్గిన మొత్తాన్ని సర్దే బిల్లు కావచ్చు, ఏ ఎగ్జిబిట్‌లో రాసి ఉందో పట్టుకోండి. బోర్డు మీటింగులో ఆ అంశాన్ని కన్సెంట్ అజెండాలోంచి బయటికి లాగడానికి ఒక్క మెంబరు అడిగితే సాధారణంగా సరిపోతుంది. పబ్లిక్ కామెంటుకి పేరు మీటింగుకి ముందే రాయించుకోవాలి, మాట్లాడటానికి ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే కాబట్టి ఫీజు షెడ్యూలు పేజీ ఒక్కటీ ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి.